తొండ తాత తలూపుడు

అనగనగా ఒక అడవి. అడవి అనగానే పులీ సింహమూ వస్తాయని కాచుకుని కూర్చోకండి పిల్లలూ. లోపల ఎక్కడో ఉన్నాయేమో, వాటి గొడవ మనకు వద్దు. మన కథంతా ఆ అడవి అంచున, వాగు మీదికి వంగిన ఒకే ఒక్క తుమ్మచెట్టు మీద జరుగుతుంది.

ఆ చెట్టు గిజిగాళ్ల ఊరు. తొలకరి పడిందంటే చాలు, మగ గిజిగాళ్ల తలల మీదికి పసుపు రంగు వచ్చేస్తుంది. ఇక వాళ్లను పట్టలేం. పోచ మీద పోచ తెచ్చి, ముక్కుతో అల్లి, కొమ్మకొమ్మకూ గూళ్లు వేలాడదీస్తారు.

వాళ్ల పెళ్లిచూపులు మన పెళ్లిచూపుల్లాంటివి కావు. పెళ్లికొడుకు ముఖం ఎవరూ చూడరు. అతని పాట ఎవరూ వినరు. మగపక్షి గూడు సగం అల్లి, బోర్లించిన కుండలా వేలాడదీసి, పక్కన కూర్చుంటాడు. ఆడపక్షి వస్తుంది. గూటికి తలకిందులుగా వేలాడుతుంది. ముక్కుతో పోచ పట్టి ఒక్క గుంజు గుంజుతుంది. గూడు నిలిచిందా, పెళ్లి అయినట్టే. ఊడిందా, ఆవిడ మాట్లాడకుండా ఎగిరిపోతుంది. ఆ గూట్లో గుడ్లు పెట్టాల్సింది ఆవిడ కదా మరి!

ఆ చెట్టు మీద బింకన్న అనే గిజిగాడు ఉండేవాడు. తల మీద పసుపు అందరికంటే ఎక్కువ. మాట అంతకంటే ఎక్కువ. గూడు మాత్రం తక్కువ.

ఆరుద్ర కార్తెలో బింకన్న మొదటి గూడు కట్టాడు. సుంకమ్మ అనే ఆడపక్షి వచ్చింది, వేలాడింది, గుంజింది. ఒక్క పోచ వచ్చింది. దాని వెనకే ఇంకో పోచ వచ్చింది. చూస్తుండగానే గూడు ఒక పక్కంతా చిరిగిన చేటలా వేలాడింది.

"ఇంకా గట్టిగా లాగలేదు అబ్బాయ్!" అని సుంకమ్మ తనే భయపడి ఎగిరిపోయింది.

సాయంత్రం మేత ముగించుకుని మగపక్షులన్నీ పెద్ద కొమ్మ మీద చేరాయి. వాళ్లలో పెద్దవాడు ఓబులేసు. ఆ చెట్టు మీద ఏడు వానాకాలాలు గూడు కట్టినవాడు. అందరికీ మామ.

"ఏరా బింకన్నా, ఇవాళ ఎవరిది తప్పు?" అన్నాడు ఓబులేసు మామ.

"గాలిది మామా!" అన్నాడు బింకన్న ఛాతీ పొంగించి. "పడమటి గాలి. నేను ముడి వేసే వేళకే వస్తుంది. నా మీద కక్ష దానికి."

"గాలికి నీ పేరు కూడా తెలుసురా?"

"తెలియకేం! ఎవరో చెప్పి ఉంటారు."

అందరూ పడీపడీ నవ్వారు. బింకన్న నొచ్చుకుని, ఎగిరి, చెట్టు మొదలు దగ్గరికి వెళ్లాడు. అక్కడ బెరడు మీద ఎండ కాచుకుంటూ తొండ తాత ఉన్నాడు. బింకన్న బాధ విని అర్థం చేసుకునేవాడు ఆ చెట్టు మీద ఆయన ఒక్కడే. కనీసం బింకన్న అలా అనుకునేవాడు.

"చూడు తాతా, గాలి తప్పుకు నన్ను చూసి నవ్వుతున్నారు. తప్పు గాలిది అవునా, కాదా?"

తొండ తాత తల కిందికీ పైకీ ఊపాడు.

"అదీ! నీకు తెలుసు న్యాయం!" అని బింకన్న ఆ పూట హాయిగా గింజలు తిన్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. గూటికి పచ్చి పోచలు కావాలి. పచ్చి పోచ వంగుతుంది, ముడి పడుతుంది, ఎండాక ఆ ముడి బిగుసుకుంటుంది. ఆ పచ్చి రెల్లు ఎక్కడుందంటే వాగు దాటి, గుట్ట దాటి, అవతల మడుగు దగ్గర. రెల్లు ఆకు అంచు కత్తిలా ఉంటుంది. ముక్కుతో గాటు పెట్టి, అంచు పట్టుకుని, ఎగురుతూ చీల్చాలి. ఒక్కో చీలికకు ఒక్కో ప్రయాణం. నోటి మూల కోసుకుపోతుంది.

అందరూ అక్కడికే పోయేవారు. బింకన్న పోయేవాడు కాదు. చెట్టు కిందే నిరుడు రాలిపడిన పాత గూళ్లు బోలెడు ఉన్నాయి. వాటిని పీకి, ఆ ఎండుగడ్డితోనే కొత్త గూడు అల్లేవాడు.

"అంత దూరం ఎగరడం తెలివితక్కువ వాళ్ల పని," అనేవాడు. "ఇది ఒకసారి గూడై చూసిన గడ్డి. దీనికి అనుభవం ఉంది."

అనుభవం ఉన్న ఆ గడ్డి వంచితే విరిగేది. విరగకపోతే జారేది.

పునర్వసు కార్తెలో బింకన్న రెండో గూడు కట్టాడు. నాగక్క వచ్చింది. ఆవిడ గుంజను కూడా లేదు. లోపలి అడ్డపట్టె మీద కూర్చుంది, అంతే. పట్టె జారి, నాగక్క జారి, కింద కొమ్మ మీద నడుము తగిలేలా పడింది.

"నీ గూడు పాడుగాను! గుడ్డు పెట్టకముందే నన్ను కింద పెట్టావు కదయ్యా!" అని తిట్టుకుంటూ పోయింది.

సాయంత్రం కొమ్మ మీద మళ్లీ అదే ప్రశ్న.

"ఏరా బింకన్నా, ఇవాళ ఎవరిది తప్పు?"

"చెట్టుది మామా! ఈ కొమ్మ నున్నగా ఉంది. ముడి నిలవదు."

"పక్క కొమ్మకు నా గూడు ఉంది కదరా. అదీ ఈ చెట్టు కొమ్మే."

"నీకు మంచి కొమ్మ దొరికింది. నీకేం, అదృష్టవంతుడివి."

ఓబులేసు మామ నవ్వాపుకోలేక రెక్కలో ముఖం దాచుకున్నాడు. బింకన్న తిన్నగా తొండ తాత దగ్గరికి పోయాడు.

"చెట్టు తప్పేగా తాతా?"

తొండ తాత తల ఊపాడు. ఈసారి రెండుసార్లు ఎక్కువే ఊపాడు.

పుష్యమి కార్తె వచ్చింది. చెట్టు నిండా గూళ్లు పూర్తయ్యాయి. లోపలికి పోయే దారిగా కట్టిన పొడుగాటి గొట్టాలు కిందికి వేలాడుతున్నాయి. కొన్ని గూళ్లలోంచి పిల్లల కిచకిచలు మొదలయ్యాయి. బింకన్న పైకి "ఏం గోలరా బాబూ" అనేవాడు. కానీ ఏ గూటి పక్క నుంచి పోతున్నా అతని రెక్క నెమ్మదించేది. అది అతనికి తెలియదు. చూసినవాళ్లకు తెలుసు.

ఆశ్లేష కార్తె దాటితే ఆడపక్షులు ఇక సగం గూళ్ల వంక చూడవు. మగపక్షుల తల మీద పసుపు కూడా వెలిసిపోతుంది. అప్పుడు బింకన్న ఇంకో ఏడాది ఒంటరిగా ఉండాలి. అందుకే గబగబా మూడో గూడు కట్టాడు. అదీ పాత గడ్డితోనే.

ఈసారి వచ్చింది చెన్నమ్మ.

ఆవిడను చూడగానే బింకన్న పాట మధ్యలోనే ఆపేశాడు. ఎందుకంటే, చెన్నమ్మ నిరుడు అతని భార్య. నిరుడు అతని మాటలు నమ్మి, గూడు గుంజి చూడకుండానే కాపురానికి వచ్చింది. రెండు గుడ్లు పెట్టింది. మఖ కార్తెలో ఒక మధ్యాహ్నం గాలీ వానా కలిసి వచ్చాయి. గూడు తెగింది. రెండు గుడ్లతో సహా వాగులో పడి కొట్టుకుపోయింది.

"గాలి వచ్చింది, నేనేం చేయను?" అన్నాడు అప్పుడు బింకన్న.

చెన్నమ్మ ఏడవలేదు, అరవలేదు. "ఆ గాలి మిగతా గూళ్ల మీదా వీచింది కదా," అని మాత్రం అని వెళ్లిపోయింది. బింకన్నకు ఆ మాట గుర్తుంది. గుర్తు వచ్చినప్పుడల్లా గట్టిగా పాట అందుకుంటాడు, ఆ మాట వినపడకుండా.

చెన్నమ్మ ఇప్పుడు మూడో గూటి ఎదుట వాలింది. తల ఒక పక్కకు వంచి చూసింది. మరో పక్కకు వంచి చూసింది.

"గుంజి చూడు చెన్నమ్మా," అన్నాడు బింకన్న.

"గుంజడం ఎందుకు బింకన్నా? ఇది నిరుటి గడ్డి. రంగు చూస్తేనే తెలుస్తోంది," అంది చెన్నమ్మ. ఎగిరిపోయింది.

ఆ సాయంత్రం ఓబులేసు మామ అడగకముందే బింకన్న అందుకున్నాడు. "తప్పు ఆడపక్షులది! ఈ కాలం వాళ్లకు గూడు గట్టిగా ఉండాలి, కొత్తగా ఉండాలి, కింద పడకూడదు! ఎన్ని కోరికలో చూశారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓబులేసు మామ మాత్రం ఈసారి నవ్వలేదు. "గూడు కింద పడకూడదనడం కూడా కోరికేనట్రా?" అని ఊరుకున్నాడు.

బింకన్న తొండ తాత దగ్గరికి వచ్చి పడ్డాడు.

"తాతా, నువ్వొక్కడివే చెప్పు. తప్పు ఆడపక్షులదే కదా?"

తొండ తాత తల ఊపాడు.

"గాలిది కూడా కదా?"

ఊపాడు.

"చెట్టుది?"

ఊపాడు.

ముగ్గురిదీ తప్పేనని తేలింది. అయినా ఎందుకో బింకన్న మనసు కుదుటపడలేదు. విసుగ్గా, ఉక్రోషంగా, "అయితే నాది కూడానా?" అన్నాడు.

తొండ తాత తల ఊపాడు.

బింకన్న ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "అదేంటి తాతా! ఇన్నాళ్లూ నా పక్షాన ఉండి ఇవాళ మాట మారుస్తావా?"

తొండ తాత మొదటిసారి నోరు తెరిచాడు. "నేనెప్పుడు మాట చెప్పాను నాయనా, మార్చడానికి? నా మెడ అంతే. ఎండ కాస్తే ఊగుతుంది. మబ్బు పట్టినా ఊగుతుంది. ఈగ వాలినా ఊగుతుంది. మా నాన్న మెడా అంతే."

"మరి ఇన్నాళ్లూ నేను చెప్పిందంతా విన్నావు కదా!"

"వినడమా? ఇలా అరిస్తే తప్ప నాకు కుడిచెవి సరిగ్గా వినపడదు. నువ్వు ఎప్పుడూ అటు పక్కే వాలతావు," అన్నాడు తొండ తాత. తల ఊపాడు.

బింకన్న నోరు తెరిచాడు. ఏ మాటా రాలేదు. ఆ చెట్టు మీద అలాంటిది జరగడం అదే మొదటిసారి.

కాసేపటికి మెల్లగా ఎడమ పక్కకు వచ్చి వాలాడు. "తాతా, ఇప్పుడు వినపడుతోందా? నాలుగు తప్పులున్నాయి. గాలిది, చెట్టుది, ఆడపక్షులది, నాది. ఇందులో ఏది నిజం?"

"నాలుగూ కొంచెం కొంచెం నిజమేనేమో, నాకేం తెలుసు? నేను గూడు కట్టేవాడినా?" అన్నాడు తొండ తాత. "అయితే ఒకటి అడుగుతాను. ఈ నాలుగింటిలో నీ ముక్కుకు అందేది ఏది?"

బింకన్న ఆలోచించాడు. గాలి ముక్కుకు అందదు. చెట్టును మార్చలేడు, అది పుట్టిందే అలా. ఆడపక్షుల మనసు ముడి వేసి కట్టేసేది కాదు. ఇక మిగిలింది ఒకటే.

మర్నాడు పొద్దున్నే తన మూడో గూటికి తనే ఆడపక్షిలా తలకిందులుగా వేలాడాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆ పని చేయలేదు. ముక్కుతో పోచ పట్టి గుంజాడు. ఒక్కటే గుంజు! గూడు మొత్తం ఊడి అతని ముక్కుకే వేలాడింది. ఆ బరువుకు బింకన్న పల్టీ కొట్టి, గూడుతో సహా వెళ్లి పొదలో పడ్డాడు. పక్క కొమ్మ మీద పిల్లలు కేరింతలు కొట్టారు.

బింకన్న పొదలోనే కూర్చుని మొదటి ముడి కోసం వెతికాడు. ముడి లేదు. చుట్టు మాత్రమే ఉంది. ఎండుగడ్డి కదా, చుట్టాడు, జారింది, మళ్లీ చుట్టాడు, సరిపోతుందిలే అనుకున్నాడు. నిరుడూ ఇలాగే చుట్టి ఉంటాడు. అప్పుడు ఆ చుట్టు కిందే రెండు గుడ్లు ఉండేవి.

అప్పుడు అతనికి నవ్వు రాలేదు, పాటా రాలేదు.

తరవాత ఎగిరి ఓబులేసు మామ గూటి దగ్గర వాలాడు. ఆ కాస్త దూరమే అతనికి గుట్ట దాటినంత కష్టమయింది.

"మామా."

"ఏరా, పొద్దున్నే తీర్పా? ఇవాళ ఎవరిది తప్పు?"

"తీర్పు కాదు మామా. మొదటి ముడి ఎలా వేస్తారు?"

ఓబులేసు మామ ముక్కులోని పోచ జారి వాగులో పడింది. "ఏమన్నావురా?"

"ముడి. నాకు రాదు."

ఓబులేసు మామ వేళాకోళం చేస్తాడేమోనని బింకన్న తల వంచుకున్నాడు. మామ చేయలేదు. కొంచెమే చేశాడు. "నాలుగు వానాకాలాలు నా పక్క కొమ్మ మీదే ఉన్నావు. గాలిని అడిగావు, చెట్టును అడిగావు, ఆఖరికి ఆ చెవిటి తొండను కూడా అడిగావు. నేనే కనపడలేదా నీకు?" అన్నాడు. "పో, ముందు పచ్చి రెల్లు తీసుకురా. ఎండుది తెచ్చావో, ముక్కు విరుస్తాను."

బింకన్న వాగు దాటాడు, గుట్ట దాటాడు. మొదటి చీలిక చీల్చేటప్పుడే నోటి మూల కోసుకుంది. 'ఈ రెల్లుది తప్పు' అనబోయి, నోరు మూసుకున్నాడు. నోట్లో పోచ ఉంది కదా, తెరిస్తే పడిపోతుంది.

మామ చూపించాడు. కొమ్మ చుట్టూ రెండు చుట్లు. కొసను చుట్టు కిందినుంచి దూర్చాలి. కాలితో తొక్కిపట్టి ముక్కుతో లాగాలి. ఎంతలా అంటే, రెక్కలు విప్పి వెనక్కి వాలి లాగాలి.

బింకన్న వేశాడు. "విప్పు," అన్నాడు మామ. మళ్లీ వేశాడు. "విప్పు." ఏడోసారికి మామ తనే గుంజి చూశాడు. ఊడలేదు. "ఊఁ," అన్నాడు. బింకన్నకు ఆ 'ఊఁ' తన పాటలన్నింటికంటే తీయగా వినిపించింది.

"గాలికి అడ్డుగా తూర్పు పక్క కొమ్మ చూసుకో," అన్నాడు మామ మళ్లీ. "ఆ పడమటి కొమ్మ ఎందుకు పట్టుకున్నావురా ఇన్నాళ్లూ?"

"అక్కడైతే వాగు బాగా కనపడుతుందని."

"గాలికీ నువ్వు బాగా కనపడ్డావు!"

ఆశ్లేష కార్తె నడుస్తోంది. బింకన్న పసుపు అంచుల్లో వెలిసిపోతోంది. రోజుకు వందసార్లు మడుగుకు పోయాడు, వచ్చాడు. సగం గూడు అల్లాడు. వాగు ఒడ్డు బురద ముక్కుతో తెచ్చి, గూడు గాలికి గిరగిర తిరగకుండా లోపలి గోడలకు అంటించాడు. ఈసారి పక్కన కూర్చుని పాడలేదు. అలసిపోయాడు మరి.

చెన్నమ్మ వచ్చింది. చెట్టు మీద ఇంకా గూడు కుదరని ఆడపక్షి ఆవిడ ఒక్కతే. ఎవరి గూడు చూసినా మరీ గట్టిగా గుంజుతోందని అందరూ విసుక్కుంటున్నారు. ఎందుకు గుంజుతోందో బింకన్నకు తెలుసు.

వేలాడింది. గుంజింది. గూడు నిలిచింది. ఇంకో చోట గుంజింది. నిలిచింది. పట్టె దగ్గర గుంజింది. ఒక పోచ ఊడి వచ్చింది. చెన్నమ్మ ఆ పోచను అక్కడే వదిలి, ఏమీ అనకుండా ఎగిరిపోయింది.

చెట్టంతా బింకన్న వైపు తిరిగింది. కింద తొండ తాత మెడ అప్పుడే ఊగడం మొదలుపెట్టింది. బింకన్న నోరు తెరిచాడు. 'ఒక్క పోచకే ఇంత పట్టింపా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చాలా మంచి మాట. విన్నవాళ్లంతా ఔననే మాట.

బింకన్న దాన్ని మింగేశాడు. గుట్ట దాటి పచ్చి పోచ తెచ్చి, పట్టె దగ్గర ముడి విప్పి, మళ్లీ వేశాడు. కాలితో తొక్కిపట్టి, రెక్కలు విప్పి, వెనక్కి వాలి లాగాడు.

మర్నాడు చెన్నమ్మ మళ్లీ వచ్చింది. తిన్నగా పట్టె దగ్గరికే పోయి, నిన్న ఊడిన చోటే ముక్కు పెట్టింది. బలమంతా పెట్టి గుంజింది. గూడు ఊగింది, కొమ్మ ఊగింది, చూస్తున్న బింకన్న గుండె అంతకంటే ఎక్కువ ఊగింది. ముడి మాత్రం ఊడలేదు.

"నిన్న ఇక్కడ ఊడింది," అంది చెన్నమ్మ.

"అవును. ముడి సరిగ్గా వేయలేదు. మళ్లీ వేశాను," అన్నాడు బింకన్న. తరవాత, చాలా చిన్న గొంతుతో, "నిరుడు కూడా వేయలేదు చెన్నమ్మా. గాలి కాదు," అన్నాడు.

చెన్నమ్మ వాగు వైపు చూసింది. ఆ తరవాత పట్టె మీద కూర్చుని, ఈకలు సర్దుకుంది.

"ఏం చూస్తూ కూర్చున్నావు? గొట్టం ఎప్పుడు కడతావు? వాన వచ్చేలా ఉంది," అంది.

బింకన్న మడుగు వైపు ఎంత వేగంగా ఎగిరాడంటే, దారిలో ఒక కొంగను గుద్దుకుని క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. 'నాదే తప్పు' అని! ఆ మాటకు అలవాటు పడిపోయాడు మరి.

మఖ కార్తెలో, నిరుటి లాగే, ఒక మధ్యాహ్నం గాలీ వానా కలిసి వచ్చాయి. తుమ్మచెట్టు చేతులెత్తి ఊగింది. లోపల చెన్నమ్మ మూడు గుడ్ల మీద రెక్కలు కప్పుకుని కూర్చుంది. బయట బింకన్న తడిసి ముద్దయి, కొమ్మను కరిచి పట్టుకుని, మొదటి ముడినే చూస్తూ ఉండిపోయాడు. గాలి గుంజింది. చెన్నమ్మకంటే గట్టిగా గుంజింది. గొట్టం కొస జానెడు తెగి వాగులో పడింది. ముడి కదలలేదు.

వాన వెలిశాక అందరూ బయటికి వచ్చారు. ఓబులేసు మామ తెగిన గొట్టం వైపు చూశాడు.

"ఏరా బింకన్నా, ఇవాళ ఎవరిది తప్పు?"

"కొస పలుచగా అల్లాను మామా. నాదే," అన్నాడు బింకన్న, అప్పటికే రెక్కలు దులుపుకుంటూ. "మడుగుకు పోతున్నా. నీకేమన్నా పోచలు కావాలా?"

ఎవరికీ నవ్వడానికి ఏమీ దొరకలేదు. కింద బెరడు మీదికి అప్పుడే ఎండ వచ్చింది. తొండ తాత తల కిందికీ పైకీ ఊపాడు. బింకన్న మాటకే ఊపాడో, ఎండకే ఊపాడో ఎవరికీ తెలియదు. బింకన్న ఆగి అడగనూ లేదు. గుడ్లు పగిలి పిల్లలు వచ్చే రోజులు దగ్గర పడుతున్నాయి, అతనికి బోలెడు పని ఉంది.

నీతి: మన కష్టానికి కారణాలు ఎన్ని ఉన్నా, మన చేతికి అందేది మన పొరపాటు ఒక్కటే. దాన్ని ఒప్పుకుని, విప్పి, మళ్లీ సరిగ్గా ముడి వేసుకున్నవాడి బతుకే బాగుపడుతుంది.